మూడు గంటల దూరం

పెద్దిరాజు మళ్ళీ కంచం వెనక్కి నెట్టేశాడు.

నిన్న విచారణ నుంచి వచ్చాక ఇది మూడో పూట. మెత్తళ్ళ పులుసంటే ప్రాణం పెట్టే మనిషి. ఇవాళ దాని వైపు కూడా చూడకుండా లేచి, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. కోడలు వీరవేణి కంచం తీయాలో ఉంచాలో తెలియక తడిచేతులతో నిలబడిపోయింది.

"తినకపోతే మానెయ్యి," అంది బుల్లెమ్మ పొయ్యి దగ్గర్నుంచే, మొగుడికి వినబడేలా. "ఊరంతా మనల్నే నవుల్తంది గదా. ఎవరికో ఒకరికి కడుపు నిండుతుందిలే."

పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చున్న కొడుకు సురేంద్రకు కూడా ఆ మాట వినబడింది.

తండ్రి అరుగు మీదుంటే కొడుకు పెరట్లో ఉంటాడు. తండ్రి పెరట్లోకి వస్తే కొడుకు ఏటిగట్టు మీదికి పోతాడు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి. మధ్యలో వీరవేణి అడకత్తెరలో పోకచెక్క. ఒకరికి అన్నం పెడితే ఇంకొకరికి కోపం.

కోపానికి కారణం లేకపోలేదు. నలభై ఏడు రోజుల వేట నిషేధం ముగిసి మూడు రోజులైనా కాకముందే అమ్మిరాజు గారి మరబోటు గట్టు దగ్గర దాకా వచ్చి, పెద్దిరాజు వేసిన వలను సగానికి తెంచుకుపోయింది. గట్టు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదని ప్రభుత్వం చట్టం చేసింది. ఆ మేరలో వేట చిన్న నావల వాళ్ళది. కానీ నిషేధం అయ్యాక రొయ్య గట్టు దగ్గరే మేస్తుంది. రొయ్యను చూశాక చట్టం ఎవరికి కనబడుతుంది? పెద్దిరాజు మత్స్యశాఖకు అర్జీ పెట్టాడు. ఊరు ఊరంతా వెనక నిలబడింది.

ఆ బోటు నడిపిన డ్రైవరు సురేంద్ర.

అక్కడితో ఆగితే బాగుండేది. నిన్న విచారణలో, వల ఎంత దూరంలో వేశావని అడిగితే పెద్దిరాజు ఉన్నమాట చెప్పాడు. తెడ్డేసుకుంటూ మూడు గంటల దూరమండి, అన్నాడు. అమ్మిరాజు గారి ప్లీడరు వెంటనే కాగితం మీద లెక్క వేశాడు. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున మూడు గంటలకు పన్నెండు. ఎనిమిది ఎక్కడ, పన్నెండు ఎక్కడ? పైగా పన్నెండు కిలోమీటర్ల అవతలే వల తగిలిందని సురేంద్ర సంతకం చేసిన కాగితం కూడా బయటికి తీశాడు. తండ్రి నోటి మాటా, కొడుకు చేతి రాతా అంత ముచ్చటగా కలిశాక ఊరేమనుకుంటుంది? కులపెద్ద పల్లంరాజు ఆఫీసు మెట్ల మీదే అనేశాడు, కొడుకు ఉద్యోగం కోసం ముసలాడు ఊరి నోట్లో మట్టి కొట్టాడని.

ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే పోయేది ఒక్క వల కాదు. ఇక ఏ బోటు ఎంత దగ్గరికొచ్చినా అడిగే దిక్కుండదు. ఊళ్ళో ఉన్న అరవై నావలూ ఏడాది తిరిగేసరికి గట్టెక్కి ఎండిపోతాయి. వీరవేణి తల మీద బుట్ట కూడా దానితోనే పోతుంది. పాలకొల్లు దాకా మోసుకెళ్ళి అమ్మడానికి చేప ఉండాలి కదా.

ఆమె కంచం మీద మూత పెట్టి మామగారి ఎదుట కూర్చుంది.

"మావయ్యా, మూడు గంటలంటే ఎక్కణ్ణుంచండి?"

పెద్దిరాజు చిరాకుగా చూశాడు. "ఎక్కణ్ణుంచేంటమ్మా? మన రేవు నుంచి. నావ విప్పేది ఇక్కడే గదా."

"ఇక్కణ్ణుంచి ఏటి మొగ చేరేసరికి?"

"గంటన్నర. పోటు ఎదురైతే ఇంకో పావుగంట."

ఆ మాట అనగానే ముసలాయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు కూడా ఆగింది.

ఆ ఊరు సముద్రం ఒడ్డున లేదు. గోదావరి పాయ ఒడ్డున ఉంది. పాయ మడ అడవిలో పడి పాములా మెలికలు తిరిగి, తిరిగి, ఎప్పటికో మొగ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊరివాళ్ళకు దూరమంటే నావ తాడు విప్పిన చోటు నుంచే మొదలు. తాతల నాటి నుంచి అంతే. ప్రభుత్వానికి దూరమంటే సముద్రపు గట్టు నుంచి మొదలు. ఈ సంగతి చెప్పాలని పెద్దిరాజుకు తోచలేదు. అడగాల్సిన అవసరం ప్లీడరుకు లేదు. పక్కనున్న పెద్దలకు తెలుసు గానీ, ఆ పన్నెండు ఎలా వచ్చిందో అర్థం కాకముందే వాళ్ళకు కోపం వచ్చేసింది.

"సగం దూరం ఏట్లోనే పోయింది," అన్నాడు పెద్దిరాజు, తనలో తాను అనుకుంటున్నట్టు. "నేను ఏరు కూడా కలిపి చెప్పాను."

బుల్లెమ్మ బయటికి వచ్చి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. అరవై ఏళ్ళు సముద్రం ఈదినవాడు ఆఫీసు గదిలో మునిగాడు, అంది. ఇంట్లో పన్నెండు రోజుల తర్వాత ఎవరో నవ్విన చప్పుడు వినబడింది. నవ్వింది పెద్దిరాజే.

వీరవేణి ఖాళీ బుట్ట తీసుకుని పెరటి దారిన బయల్దేరింది. సురేంద్ర లేచి అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి?"

"ఆఫీసుకి. ఆఫీసరమ్మ ఉత్తర్వు రాసేలోగా చెప్పాలి."

"నేను సంతకం పెట్టాను, వేణీ."

"తెలుసు. అందులో ఏం రాశారో చదివే పెట్టావా?"

"చదివే పెట్టాను," అన్నాడు.

తిడితే బాగుండునని అతనికి ఉంది. వీరవేణి తిట్టలేదు. భర్త అబద్ధం రాశాడన్నది కొత్త సంగతి కాదు. దాన్ని ఇలా నోటితో ఒప్పుకోవడమే కొత్త. ఆమెకు ఏడుపూ ధైర్యమూ ఒక్కసారే వచ్చాయి. బస్సుకు టైమైందని చెప్పి వెళ్ళిపోయింది.

టౌన్లో మత్స్యశాఖ అసిస్టెంట్ డైరెక్టరు సూర్యకళ గారు భోజనానికి లేవబోతున్నారు. ఏడాది కిందటే ఈ ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. ఖాళీ చేపల బుట్ట పట్టుకుని లోపలికి వచ్చిన వీరవేణిని అటెండరు ఆపబోయాడు. ఆవిడ వద్దని చెయ్యూపారు. వీరవేణి మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి, బల్ల మీద పాయ గీసింది. ఇదిగో మా రేవు, ఇదిగో మెలిక, ఇక్కడ ఇంకో మెలిక, ఇది మొగ. ఇక్కడికే గంటన్నరండి, అంది. నీటి గీత ఆరిపోయేదాకా సూర్యకళ గారు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత రాస్తున్న ఉత్తర్వు పక్కన పెట్టి, కలానికి మూత పెట్టారు. మీ మాట నమ్మను, వాళ్ళ లెక్కా నమ్మను, రేపు నేనే వచ్చి కొలుస్తాను, అన్నారు. అరచేతిలో పట్టే జీపీఎస్ పరికరం ఆఫీసుకు కొత్తగా వచ్చిందట. అమ్మిరాజు గారికి కూడా కబురు పంపారు, రావలసిందని.

అన్నట్టుగానే మర్నాడు పొద్దున్నే జీపు దిగారు. అమ్మిరాజు గారూ, ప్లీడరూ కారులో వచ్చారు గానీ, నావ ఎక్కమంటే అమ్మిరాజు గారు తెల్ల పంచె చూసుకుని, రేవులోనే కుర్చీ వేయించుకున్నారు. మగవాళ్ళ మధ్య సూర్యకళ గారు ఒక్కరే ఎందుకని వీరవేణి కూడా నావ ఎక్కింది. తెడ్ల దగ్గర నలుగురు, చుక్కాని దగ్గర పెద్దిరాజు. వెనక నావలో పల్లంరాజూ, పెద్దలూ.

పాయలో గంటన్నర ప్రయాణం ఏ ఇబ్బందీ లేకుండానే సాగింది. అసలు చిక్కు మొగ దగ్గర వచ్చింది.

పల్లంరాజు నావ ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది. ఆ ఊరి ఆడవాళ్ళు ఏరు దాటడానికి నావ ఎక్కుతారు, కట్టెలకూ పీతలకూ మడ అడవిలోకీ వెళతారు. వలలు మోసే నావలో మొగ దాటి సముద్రంలోకి ఏ ఆడమనిషీ వెళ్ళింది లేదు. వెళితే ఆ నావకు చేప దూరమవుతుందని ఊరి నమ్మకం. పరికరం మగవాళ్ళ చేతికిచ్చి, అమ్మగారు ఇక్కడే ఇసకలో దిగి కూర్చోవచ్చు కదా, అన్నాడు పల్లంరాజు.

సూర్యకళ గారు కోప్పడలేదు. నేను స్వయంగా చూడని కొలత ఉత్తర్వులో రాయలేను, అన్నారు.

తెడ్లు నీళ్ళలో ఊరికే వేలాడాయి. ఆటు మొదలైంది. ఇంకాసేపైతే మొగలో ఇసకమేట బయటపడి నావలు దాటవు. కేసు నెగ్గాలని ఊరే తీసుకొచ్చిన ఆవిడను ఊరే ఆపింది. ఎవరిని తప్పు పట్టాలో వీరవేణికి తెలియలేదు. ఆమె మామగారి వంక చూసింది. నిన్నటిదాకా ఊరు వెలేసినంత పని చేసిన మనిషి, ఇవాళ ఊరి కట్టు తెంచితే ఇక ఏమంటారు?

పెద్దిరాజు చుక్కాని మీద చెయ్యి తీయకుండా అన్నాడు, "పల్లంరాజూ, ఆడమనిషి ఎక్కితే చేప దూరం పోతుందన్నారు. నిజమే అనుకుందాం. పోనీ. ఇయ్యాళ మనం చేపలకి వెళ్ళట్లేదు."

ముందుగా తెడ్డు దగ్గరున్న ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత రెండో వాడు. పల్లంరాజు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. మాట నెగ్గకపోయినా మర్యాద దక్కిందనుకున్నాడో ఏమో, తన నావను పక్కకు తీయించాడు.

సూర్యకళ గారు మొగ దగ్గర, గట్టు అంచున ఒక బొత్తాం నొక్కి, ఇక్కణ్ణుంచి మొదలు, అన్నారు.

వీరవేణి ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద బతికింది, సముద్రంలోకి రాలేదు. మొదటి అలకే కడుపులో తిప్పింది. పక్కన సూర్యకళ గారి పరిస్థితి ఇంకా ఘోరం. ఆవిడ ఒక చేత్తో నావ అంచు పట్టుకుని కక్కుతూ, రెండో చేతిలో పరికరం మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నారు. వీరవేణి ఆవిడ నడుం పట్టుకుని కూర్చుంది.

పెద్దిరాజు నీళ్ళ వంక చూడనే లేదు. వెనక్కి, గట్టు వంక చూస్తున్నాడు. సరుగుడు తోట చివరి చెట్టు మీదికి దీపస్తంభం రావాలట. ఇటు పక్క గ్యాసు బావి మంట కోవెల శిఖరం వెనక దాక్కోవాలట. ఆ రెండూ ఒక్కసారి కుదిరిన చోటే తన వల. వీరవేణి కూడా తల తిప్పి చూసింది. తను పుట్టి పెరిగిన నేల అంతా ఆకుపచ్చ గీతలా ఉంది. ఆ గీత మీద దీపస్తంభం మెల్లమెల్లగా నడుచుకుంటూ వచ్చి, సరుగుడు చెట్టు నెత్తిన నిలబడింది. అదే క్షణంలో మంట ఆరిపోయినట్టు శిఖరం వెనక్కి పోయింది.

"ఇక్కడే," అన్నాడు పెద్దిరాజు.

సీసపు గుండు కట్టిన తాడు వదిలారు. ఆరు బారల లోతు. వేసిన నాడూ అంతే ఉందన్నాడు. కేసు తేలేదాకా ఆ వల ఎవరూ ముట్టకూడదని పెద్దలు కట్టడి చేశారు కాబట్టి, రాళ్ళు కట్టిన అడుగు సగం అక్కడే ఉండాలి. నూతిలో పడ్డ బిందెను తీసే పాతాళభేది లాంటి కొక్కేల ఇనుము తాడుకు కట్టి దింపారు. మొదటిసారి ఉత్తదే వచ్చింది. రెండోసారి బురద. మూడోసారి తాడు బిగుసుకుంది.

నలుగురూ లాగారు. ముందు రాయి వచ్చింది, తర్వాత కుళ్ళిన చేపల కంపు, తర్వాత వల. పీతలు వేలాడుతున్న వల, నడిమికి తెగి, అంచులు చీలికలైన వల. పెద్దిరాజు దాన్ని ఒళ్ళోకి తీసుకుని, తను వేసిన ముడులను వేళ్ళతో తడుముకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"అయిదు పాయింట్ ఆరు," అన్నారు సూర్యకళ గారు. మూతి తుడుచుకుని గట్టిగా మళ్ళీ అన్నారు, "గట్టు నుంచి అయిదు పాయింట్ ఆరు కిలోమీటర్లు."

తెడ్లవాళ్ళు కేకలు పెట్టలేదు. తెడ్లతో నావ అంచు మీద దబదబా కొట్టారు. వెనక నావలో పల్లంరాజు లేచి, తలగుడ్డ విప్పి, పెద్దిరాజు వైపు చేతులు జోడించాడు. మొన్న అన్న మాటను అంతకన్నా ఎలా వెనక్కి తీసుకుంటాడు? వీరవేణికి ఒళ్ళంతా వెన్నెల కాసినట్టుంది. కడుపులో తిప్పడం ఎప్పుడు ఆగిందో కూడా ఆమెకు తెలియదు.

పోటెక్కాక మొగ దాటి రేవుకు తిరిగి వచ్చేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. మలుపులో మళ్ళీ కొట్టిన తెడ్ల చప్పుడు విని ముందే గ్రహించేశారు. బుల్లెమ్మ మోకాటి లోతు నీళ్ళలోకి దిగి నావ ముక్కు పట్టుకుంది. కానీ ఇంట గెలిచినంత తేలిక కాదు కదా రచ్చ గెలవడం. ప్లీడరు కుర్చీలోంచి లేవనే లేదు.

వల దొరికింది, సంతోషమేనండి, అన్నాడు. కొలత కూడా ఒప్పుకుంటున్నామన్నాడు. అయితే సంఘటన జరిగి రెండు వారాలైంది. దూరంగా తెగిన వలను తీసి, దగ్గరికి తెచ్చి పడెయ్యలేదని ఎవరు చెప్పగలరు? ఎవరూ ముట్టలేదని ఊరివాళ్ళే చెబితే చెల్లుతుందా? అమ్మిరాజు గారు విసనకర్ర ఊపుకుంటూ తలాడించారు.

గట్టు మీద గోల సద్దుమణిగింది. తడి వల నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఎవరూ తియ్యలేదండి."

జనం వెనక నుంచి ఆ మాట వచ్చింది. సురేంద్ర నడిచి వస్తుంటే రెండు పక్కలా దారి ఇచ్చారు.

"వల వేసిన చోటే ఉంది. అక్కడే తెంచాను. బోటు నడిపింది నేను."

"నువ్వు పన్నెండని సంతకం పెట్టావు," అన్నారు సూర్యకళ గారు.

"సంతకం నాదండి. దూరం నాది కాదు. బోటులో జీపీఎస్ నాకు కనబడుతూనే ఉంది. లోపలికి పొమ్మన్నారు, పోయాను. వల తగిలి, పైకొచ్చాక వలకు కట్టిన బెండ్లు చూస్తే మా నాన్నవి." అక్కడ ఆగాడు. "చూసి కూడా కోసి వదిలేశానండి."

అమ్మిరాజు గారు లేచి నిలబడ్డారు. ఈ జిల్లాలో ఏ హార్బరులోనూ బోటు ఎక్కవురా, అన్నారు. తెలుసండి, అన్నాడు సురేంద్ర. కారు తలుపు వేసిన చప్పుడు గట్టిగా వినబడింది గానీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ పెద్దిరాజు వంక చూస్తున్నారు. ముసలాయన వల ఒక కొస భుజాన వేసుకుని నావ దిగాడు. కొడుకు ఎదుట ఆగాడు. రెండు వారాల తర్వాత మొదటి మాట.

"బరువుగా ఉంది. ఆ కొస పట్టుకోరా."

సురేంద్ర పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు ఆ చిరిగిన వలను గట్టు మీదికి మోసుకొస్తుంటే ఊరు ఊరంతా కేకలు వేసింది. బుల్లెమ్మ నీళ్ళలోనే నిలబడి ఏడ్చింది. సూర్యకళ గారు జీపు బానెట్టు మీద కాగితాలు పెట్టుకుని, ఉత్తర్వుకు కావలసిన వాంగ్మూలం అక్కడికక్కడే రాసుకున్నారు.

చివర్న సురేంద్ర సంతకం పెట్టబోయి ఆగాడు. "ఇంకొకటి ఉందండి. ఆ తెల్లారుజామున లోపలికి వచ్చింది మా బోటు ఒక్కటే కాదు. అయిదు."

ఆవిడ కొత్త కాగితం తీశారు. "డ్రైవర్ల పేర్లు తెలుసా?"

సురేంద్ర వీరవేణి వంక చూశాడు.

ఆ చూపు ఆమెకు వెంటనే అర్థమైంది. తండ్రి పోయాక తనను పెంచి, పెళ్ళి చేసి పంపిన అన్నయ్య సత్తిరాజు కూడా అదే హార్బరులో బోటు డ్రైవరు. చుట్టూ ఊరు సంబరంలో ఉంది. ఎవరూ ఇటు చూడటం లేదు. ఇప్పుడు ఆ ఒక్క పేరు వదిలేసి ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు.

వీరవేణి భర్త పక్కకు వచ్చి నిలబడింది. "దాచకు," అంది మెల్లగా. తర్వాత సూర్యకళ గారి వైపు తిరిగింది. "ముందు మా అన్నయ్య పేరు రాసుకోండమ్మా. సత్తిరాజు."

ఆవిడ కలం ఆపి ఆమెను చూశారు. "ఇంటిపేరుతో చెప్పాలమ్మా," అన్నారు.

వీరవేణి తన పుట్టింటి పేరు గట్టిగా చెప్పింది.